యాసిడ్‌కు నోరు లేదు

మా రసాయన భాండాగారంలో తినని వాళ్లు లేరు. కానీ ‘తినేసింది’ అని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, పై అధికారులకు పంపుకున్న మొదటి మనిషి లెంక పోలినాయుడు. తిన్నవాడికి ఎప్పుడూ ఏమీ కాదు, రాసినవాడికే అవుతుంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఈ చిన్న సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. నేనైనా నేర్పి ఉండాల్సింది.

పోలినాయుడు మా గిడ్డంగిలో అటెండరు. నేను ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని, పేరు అచ్యుతం. ఈ వ్యవహారంలో పుట్టిన ప్రతి కాగితాన్నీ టైపు కొట్టింది నేనే కాబట్టి పొల్లు పోకుండా చెప్పగలను. గర్వపడి మాత్రం చెప్పడం లేదు.

భాండాగారమంటే పేరు పెద్దదే గానీ, ఊరి చివర ఒక రేకుల షెడ్డు, దాని ముందు మూడు గదుల ఆఫీసు. జిల్లాలోని కాలేజీ ప్రయోగశాలలకూ ఆసుపత్రి మరుగుదొడ్లకూ యాసిడ్లు, ఊళ్లలోని నీళ్ల ట్యాంకులకు బ్లీచింగ్ పౌడరు ఇక్కడి నుంచే వెళ్తాయి. షెడ్డు వెనక గోడ ఒక్క ఇటుక మందం. గోడ అవతల అంగన్‌వాడీ. మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు తిని ఇరవై ముగ్గురు పిల్లలు ఆ గోడ పక్కనే చాపల మీద నిద్రపోతారు. స్థలం ఖాళీగా ఉందని పిల్లల్ని అక్కడ పెట్టింది ఒక శాఖ. ఖాళీగా ఉందనే యాసిడ్‌ని ఇక్కడ పెట్టింది ఇంకో శాఖ. రెండు శాఖలూ ఇంతవరకు ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

అయినా ఇరవై ఆరేళ్లు ఏమీ జరగలేదంటే కారణం పోలినాయుడు. అతను చదివింది ఐదో తరగతి. కానీ ఏ యాసిడ్‌ని గాజులో పెట్టాలో, దేన్ని ప్లాస్టిక్‌లో పెట్టాలో, గాజుని కూడా కొరికే మొండిది ఏదో అతనికి తెలిసినట్టు మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. బ్లీచింగ్ పౌడరుని షెడ్డుకి ఆ చివర, యాసిడ్‌ని ఈ చివర పెట్టేవాడు. ఆ రెండూ కలిస్తే పుట్టే గాలి ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుందని వచ్చిన ప్రతి కొత్త అధికారికీ చెప్పేవాడు.

“ఏదెక్కడ ఇముడుద్దో దాన్నక్కడెట్టాల బాబూ. ఇమడని కాడ ఎట్టినామా, ఇల్లే తినేస్తాది” అనేవాడు.

అలా ఇమిడిపోయి బతుకుతున్న భాండాగారానికి కమిషనరుగారు వచ్చారు.

కమిషనరుగారు అంతకు ముందు నెలే విదేశీ అధ్యయన యాత్ర చేసి వచ్చారు. అక్కడ ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ చూశారు. అందులో పిండి, పంచదార, నెయ్యి, అన్నీ ఒకే కొలత, ఒకే రంగు స్టీలు డ్రమ్ముల్లో వరసగా నిలబడి ఉండటం చూసి ఆయన మనసు కరిగింది. తిరిగి వచ్చాక కరిగిన మనసు మళ్లీ గట్టిపడలేదు. మా షెడ్డులోకి అడుగుపెట్టి, గాజు సీసాలు, తెల్ల క్యాన్లు, నల్ల క్యాన్లు, పింగాణీ జాడీలు, గోనె సంచులు చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. ఘాటుకి కాదు, బాధతో.

“ఏమిటీ అనైక్యత? ఒక ప్రభుత్వం, ఒక శాఖ, ఒక కప్పు. పాత్రలు మాత్రం ఇన్ని రకాలా?” అన్నారు.

మా జాయింట్ డైరెక్టరు త్రిలోచనరావుగారు పక్కనే ఉన్నారు. నలభై రోజులుగా పదోన్నతి ఫైలు కదలక నిద్రపోవడం లేదాయన. “నేనూ ఎన్నాళ్లగానో అదే మథనపడుతున్నాను సార్” అన్నారు. అప్పటిదాకా ఆ మథనం సంగతి మాకెవరికీ తెలియదు.

పది రోజుల్లో ఉత్తర్వు దిగింది. దాని పేరు ‘ఏకరూప పాత్రా విధానం’. అందులోని ముఖ్యమైన వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: “ఇకమీదట పాత్రను బట్టి పదార్థము నడుచుకొనవలెను గాని, పదార్థమును బట్టి పాత్ర నడుచుకొనరాదు.” ప్రభుత్వం ఇలా ఆజ్ఞాపించిన సంగతి పదార్థాలకు ఎవరు తెలియజేయాలో మాత్రం రాయలేదు.

ఉత్తర్వు వెనకే తొంభై స్టీలు డ్రమ్ములు వచ్చాయి. అన్నీ నీలం రంగు. ప్రతి దాని పొట్ట మీదా ‘స్వచ్ఛం, సుందరం, సమానం’ అని పెద్ద అక్షరాలు. ఆ అందం చెడకుండా ఉండటానికి వాటి మీద ఇంకే రాతా ఉండకూడదని షరతు. సరుకంతా వాటిలోకి మార్చేశాక, ఖాళీ అయిన పాత ప్లాస్టిక్ క్యాన్లను కాలుష్య నివారణ దినోత్సవం నాడు రోడ్డు రోలరు కింద వేసి తొక్కించారు. త్రిలోచనరావుగారు రోలరు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు.

అంతకు ముందు, యాసిడ్ పోసే రోజున, పోలినాయుడు ఆయన గదికి వచ్చాడు. గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బాబూ, సీసాల్లో ఉన్నయి సీసాల్లోనే ఒగ్గీండి. ఈ దొడ్లు కడిగే యాసిడ్ ఉంది సూడండి, ఇది ఇనుముని తినేస్తాది. స్టీలైనా అంతే. దీనికి ప్లాస్టిక్కే పడతాది.”

త్రిలోచనరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “పోలినాయుడూ, ప్రభుత్వం ఒక విధాన నిర్ణయం తీసుకున్న తరువాత రసాయన శాస్త్రం దానికి అడ్డు రాకూడదు. అది క్రమశిక్షణ కాదు.”

“నా క్రమశిచ్చన సంగతి కాదు బాబూ, దాని సంగతి.”

“దానికి కూడా క్రమేణా అలవాటవుతుంది.”

సుద్దముక్కతో డ్రమ్ముల మీద ‘యా’ అనీ ‘బ్లీ’ అనీ రాసుకున్నాడు పోలినాయుడు. అది విధాన ఉల్లంఘన అని చెప్పి తుడిపించారు. డ్రమ్ములన్నీ సమానమే కాబట్టి ఒకే వరసలో అమర్చమన్నారు. యాసిడ్‌కీ బ్లీచింగ్ పౌడరుకీ మధ్య ఉన్న దూరం షెడ్డు పొడవంత ఉండేది కాస్తా ఒక డ్రమ్ము పొడవుకి తగ్గింది.

పదకొండో రోజుకి యాసిడ్ డ్రమ్ముల మూతలు ఉబ్బాయి. లోపల గాలి పుడుతోందని పోలినాయుడు చెప్పాడు. త్రిలోచనరావుగారు వచ్చి చూసి, “నిండుగా కళకళలాడుతున్నాయి” అని వెళ్లిపోయారు. పదహారో రోజుకి నాలుగు డ్రమ్ముల అడుగులు చెమర్చాయి. ఇరవయ్యో రోజుకి వాటికి సూది బెజ్జాలు పడ్డాయి. పోలినాయుడు రబ్బరు తొడుగులు అడిగాడు. తొడుగులు రెండు వేర్వేరు కొలతల్లో వస్తాయి కాబట్టి ఏకరూపతకు విరుద్ధమని వాటి కోసం మేము పెట్టిన ఇండెంటును కేంద్ర కార్యాలయం అంతకు ముందే తిప్పి పంపింది. చేతులకు గోనె గుడ్డలు చుట్టుకుని, కారే డ్రమ్ముల్లోంచి ఖాళీ డ్రమ్ముల్లోకి యాసిడ్‌ని మార్చుకున్నాడు. తన ఇంట్లో నీళ్లు పట్టుకునే రెండు ప్లాస్టిక్ క్యాన్లు తెస్తే, అనధికార పాత్రలని గేటు బయట పెట్టించారు.

ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి కాగితం అడిగాడు. నిలబడే నాలుగు ముక్కలు రాశాడు.

“అయ్యా, యాసిడ్ నాలుగు డ్రమ్ములు తినేసింది. మిగతావి కూడా తినేసేలా ఉంది. గోడ అవతల చిన్నపిల్లలు పడుకుంటారు. ప్లాస్టిక్ క్యాన్లు ఇప్పించ ప్రార్థన.”

నేను దాన్ని ఉన్నది ఉన్నట్టుగా టైపు చేసి పైకి పంపాను. ‘తినేసింది’ బదులు ‘పాడుచేసింది’ అని ఒక్క మాట మారిస్తే సరిపోయేది. నాకు తట్టలేదు.

తొమ్మిదో రోజున కేంద్ర కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. క్యాన్ల సంగతి లేదు. పిల్లల సంగతి అసలే లేదు. “పై సూచికలో పేర్కొనబడిన, నాలుగు ప్రభుత్వ డ్రమ్ములను తినేసిన సదరు మహిళా ఉద్యోగిని శ్రీమతి యాసిడ్ గారి పూర్తి పేరు, హోదా, విధులలో చేరిన తేదీ తెలియజేస్తూ, ఆమె సర్వీసు రిజిస్టరును వెంటనే పంపవలెను.”

ముందు నవ్వొచ్చింది. తరువాత ఆలోచిస్తే వాళ్ల తప్పేమీ లేదనిపించింది. తినేశాడంటే మగవాడు. తినేసింది అంటే ఆడమనిషి కావచ్చు, ఆవు కావచ్చు, యాసిడూ కావచ్చు. మన భాష ఆ ముగ్గురికీ ఒకే క్రియ ఇచ్చింది. ప్రభుత్వ ఆస్తిని తినడమనే పని పశువులకూ రసాయనాలకూ చేతనవునని కేంద్ర కార్యాలయంలో ఎవరి అనుభవంలోనూ లేదు. అది ఉద్యోగులు చేసే పనేనని వాళ్లకు తెలుసు. కనుక యాసిడ్ ఉద్యోగిని అయి తీరాలి.

“సార్, ఇది పొరపాటని ఒక్క లైను రాస్తే సరి” అన్నాను.

త్రిలోచనరావుగారు నన్ను జాలిగా చూశారు. “అచ్యుతంగారూ, పై కార్యాలయం పొరపాటు పడిందని కింది కార్యాలయం ఎలా రాస్తుంది? అడిగిన వివరాలు పంపండి. విధులలో చేరిన తేదీ దగ్గర భాండాగారం ప్రారంభమైన తేదీ వెయ్యండి. అది నిజమే కదా.”

“హోదా?”

“గాఢ” అన్నారు, పాత యాసిడ్ సీసాల మీది చీటీ గుర్తు చేసుకుని. “ఏ తరగతి అని అడిగితే అప్పుడు చూద్దాం.”

వేశాను. పదిహేను రోజుల్లో శ్రీమతి యాసిడ్ మీద అభియోగ పత్రం వచ్చింది. ప్రభుత్వ ఆస్తిని భక్షించుట ఒకటి, విధులలో అదుపు తప్పి ప్రవర్తించుట రెండు, కార్యాలయ వేళల్లో ఘాటుగా ఉండుట మూడు. దాన్ని ఆమెకు స్వయంగా అందజేసి సంతకం తీసుకోవాలట. పోలినాయుడే తీసుకెళ్లి డ్రమ్ముకి అంటించాడు. రెండో రోజుకి ఆవిరికి కాగితం పసుపు పచ్చగా మారి పొడిపొడిగా రాలిపోయింది. ‘నోటీసును ధిక్కరించి ధ్వంసం చేసినది’ అని నేను రాయాల్సి వచ్చింది. దాంతో నాలుగో అభియోగం చేరింది. రెండోసారి నోటీసుని లామినేషన్ చేయించి పంపారు.

ఆ నోటీసు ఉన్న డ్రమ్ము వారంలో కుళ్లి కూలబడింది. పోలినాయుడు ముందురోజే అందులోది ఇంకో డ్రమ్ములోకి మార్చేశాడు కాబట్టి సరిపోయింది. పిల్లి తన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు ఆ యాసిడ్‌ని డ్రమ్ము నుంచి డ్రమ్ముకి మోసుకు తిరుగుతున్నాడు. రాత్రి ఇంటికెళ్లినా నిద్ర లేదని కళ్లే చెప్పేవి. కూలిన డ్రమ్ము మీద నుంచి నోటీసుని ఊడదీసి త్రిలోచనరావుగారి బల్ల మీద పెట్టాడు.

“సూడండి బాబూ. డ్రమ్ము పోయింది, మీ నోటీసు సెక్కు సెదరనేదు. ప్లాస్టిక్కు అంటించినారు గదా, అందుకు. అక్షరం కూడా పోనేదు. ఇదే నాను మొత్తుకుంటన్నాను.”

త్రిలోచనరావుగారు నోటీసుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన మొహం వెలిగింది. నాకు ఆశ కలిగింది.

“అచ్యుతంగారూ, నోటీసు అందినట్టే అని రాసెయ్యండి” అన్నారు.

విచారణకు రాజధాని నుంచి సర్వోత్తమరావుగారు వచ్చారు. ఆయన ముప్ఫై ఏళ్లలో నూట పన్నెండు విచారణలు చేసి, ఒక్కదాంట్లోనూ ఎవరూ తప్పు చేసినట్టు తేల్చని నిపుణుడు. నిందితురాలు మహిళ గనుక విచారణలో ఒక మహిళ కూర్చోవాలని నిబంధన ఉంది. మా ఆఫీసులో మహిళలు లేరు. గోడ అవతలి అంగన్‌వాడీ టీచరు వరహాలమ్మను పిలిపించారు. పిల్లల్ని ఆయాకి అప్పగించి, చేతికి అంటిన పప్పు కడుక్కుని వచ్చింది.

షెడ్డులో డ్రమ్ముల ఎదురుగా బల్ల వేశారు. సర్వోత్తమరావుగారు ఫైలు తెరిచి, “శ్రీమతి యాసిడ్” అని పిలిచారు. ఎవరూ పలకలేదు. మూడుసార్లు పిలిచారు. పోలినాయుడు డ్రమ్ము మూత తీసి, “ఈవిడే బాబూ” అన్నాడు.

సర్వోత్తమరావుగారు తొంగి చూసి, దగ్గి, కళ్లు తుడుచుకుని, వచ్చి కూర్చున్నారు. అది ద్రవమని ఆయనకు అర్థమైంది. కానీ ఆయన చేతిలో అభియోగ పత్రం ఉంది, దాని కింద కమిషనరుగారి సంతకం ఉంది. కంటికి కనిపించినదీ కాగితంలో ఉన్నదీ, ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి అంత అనుభవజ్ఞుడికి మూడు నిమిషాలకన్నా పట్టలేదు.

“నిందితురాలు మౌనం వహించినది అని రాసుకోండి” అన్నారు నాతో.

వరహాలమ్మ నా వైపు చూసింది, పోలినాయుడి వైపు చూసింది. “అయ్యా, నాకు తెలీకడుగుతాను. ఆ కుండలు పగిలితే మా పిల్లగుంటలకేటవుద్ది?” అంది.

“అమ్మా, మీరు మహిళా సభ్యురాలిగా హాజరు మాత్రమే. ప్రశ్నించే అధికారం మీకు లేదు.”

“పెశ్న కాదయ్యా. బయ్యమేసి అడిగినాను.”

“భయం అజెండాలో లేదు” అని ఆయన కాగితం తిప్పారు.

పోలినాయుడు ఒక డ్రమ్ము అడుగు కోసి తెచ్చి చూపించాడు. జల్లెడలా ఉంది. ఇదిగో తిన్నది, ఇక్కడ తిన్నది, ఇక్కడ తింటోంది అని గోనె గుడ్డ చుట్టిన వేలితో చూపించాడు. సర్వోత్తమరావుగారు శ్రద్ధగా విన్నారు. అతను ‘తిన్నది’ అన్న ప్రతిసారీ ఒక గీత గీసుకున్నారు. పదకొండు గీతలయ్యాయి.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. త్రిలోచనరావుగారు గొంతు సవరించుకుని మా అందరి ముందూ చదివారు.

“సదరు యాసిడ్‌ను స్వయముగా పరిశీలించడమైనది. ఆమెకు నోరు లేదు. దంతములు లేవు. ఉదరము లేదు. నోరు లేని వ్యక్తి తినుట అసంభవము. కావున యాసిడ్ తినలేదని, ఇకముందు కూడా తినజాలదని నిర్ధారించడమైనది. అభియోగములన్నియు కొట్టివేయడమైనది. ఒక నోరు లేని మహిళా ఉద్యోగినిపై తినుట అను నింద మోపిన అటెండరు శ్రీ పోలినాయుడు సంజాయిషీ ఇవ్వవలెను. తినుట అను పదమును అతడు విచారణలో పదకొండు మార్లు అలవోకగా వాడుట గమనార్హము. ఇకమీదట కార్యాలయ ఉత్తర ప్రత్యుత్తరములందు ఈ పదమును నిషేధించడమైనది.”

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం. దుత్త పగిలిందని చెప్పినవాడి మీద చూపించడం మా శాఖలోనే చూశాను.

“అయితే క్యాన్లు బాబూ?” అన్నాడు పోలినాయుడు.

“యాసిడ్ తినదని తేలింది కదా. తిననిదానికి క్యాన్లెందుకు?” అన్నారు త్రిలోచనరావుగారు. ఆయన ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. మండినంత మాత్రాన ఏం చేశాను? నివేదికకు మూడు నకళ్లు తీసి ఫైల్లో పెట్టాను.

ఆ తరువాత సరిగ్గా ఆరో రోజు, బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నేను క్యారేజీ విప్పుతున్నాను. షెడ్డులోంచి పోలినాయుడి కేక వినిపించింది. పరుగెత్తాను.

వరసలో చివరి యాసిడ్ డ్రమ్ముకి నడుము దగ్గర రూపాయి బిళ్లంత బెజ్జం పడింది. యాసిడ్ ధారగా దూకుతోంది. మార్చడానికి ఖాళీ డ్రమ్ము ఒక్కటి కూడా మిగల్లేదు, అప్పటికే అన్నీ చిల్లులు. ఆ పక్కన ఉన్న మూడు డ్రమ్ములూ బ్లీచింగ్ పౌడరువి. వాటి అడుగులు కూడా కింద కారిన యాసిడ్‌తో తడిసి తడిసి ఎప్పుడో మెత్తబడ్డాయి. పోలినాయుడు మోకాళ్ల మీద కూర్చుని, గోనె గుడ్డని ఉండచుట్టి, ఆ బెజ్జంలో కుక్కి, కుడిచేత్తో అదిమి పట్టుకుని ఉన్నాడు. గుడ్డలోంచి ఊరిన యాసిడ్ మణికట్టు మీదుగా కారుతోంది.

“నా కాడికి రాకండి! గుంటల్ని నేపమనండి! ఆ మూడు డ్రమ్ములూ బయటికి దొర్లించండి!” అని అరిచాడు.

గోడ చుట్టూ తిరిగి అంగన్‌వాడీలోకి పరుగెత్తాను. వరహాలమ్మ నన్ను ఏమీ అడగలేదు. నా మొహం చూసి ఒక చంకన ఒకణ్ని, ఇంకో చంకన ఇంకొకణ్ని ఎత్తుకుంది. ఆయా, నేను, దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు కలిసి నిద్రమత్తులో ఉన్న ఇరవై ముగ్గురినీ రోడ్డు దాటించి అవతలి గట్టు మీద కూర్చోబెట్టాం. వరహాలమ్మ తలలు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, “సరిపోనారు” అంది. అప్పుడు ఆటో డ్రైవరూ నేనూ వెనక్కి వచ్చి బ్లీచింగ్ డ్రమ్ముల్ని ఒక్కొక్కటే బయటికి దొర్లించాం. మూడోదాని అడుగు గేటు దగ్గర ఊడిపోయింది. గాలి కొంచెం ఘాటెక్కి కళ్లు మండాయి, అంతే.

ఇదంతా అయ్యేసరికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. పద్దెనిమిది నిమిషాలూ పోలినాయుడు ఆ బెజ్జం మీద చెయ్యి తియ్యలేదు. త్రిలోచనరావుగారు ఆఫీసు మెట్ల మీద నిలబడి ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, కేంద్ర కార్యాలయానికి ఫోను చేస్తూ, ఎవరూ ఎత్తడం లేదని నాకు చెప్పారు. చివరికి వరహాలమ్మ అంగన్‌వాడీ నీళ్ల డ్రమ్ము, ప్లాస్టిక్‌ది, దొర్లించుకుంటూ తెచ్చింది. డ్రమ్ముని అందులోకి వంచాకే అతను చెయ్యి తీశాడు. ఆ చేతిని నీళ్ల కుళాయి కింద పెట్టి పట్టుకున్నాను. కేకలు పెట్టలేదు. పిల్లలు బెదురుతారని పళ్లు బిగబట్టుకున్నాడు.

ఆసుపత్రిలో కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తీసేశారు. మిగతా మూడూ వంగవని చెప్పారు.

పిల్లల్లో ఒక్కడికి కూడా దగ్గు రాలేదు. అది మా కార్యాలయం సాధించిన విజయమని త్రిలోచనరావుగారు పైకి రాశారు. పదోన్నతి ఫైలు కదిలింది.

పోలినాయుడి వైద్యం ఖర్చుకి ఫారం నింపాల్సి వచ్చింది. ఈలోపు కమిషనరుగారు ‘ఏకరూప పాత్రా విధానం’ విజయవంతమైనందుకు దాని తమ్ముడిలా ‘ఏకరూప పత్ర విధానం’ తెచ్చారు. ఇకమీదట ఏ నష్టానికైనా ఒకటే ఫారం. డ్రమ్ము పోయినా, కుర్చీ పోయినా, వేలు పోయినా అదే. కంప్యూటరులో తెరిచాను. నష్టపోయిన వస్తువు: వేళ్లు. సంఖ్య: రెండు. వస్తువు పొందిన తేదీ దగ్గర అతని పుట్టిన తేదీ వేశాను. నష్ట కారణం దగ్గర ఆగిపోయాను. అక్కడ మనం రాయడానికి లేదు, ఇచ్చిన నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి. దొంగతనం, పగిలిపోవుట, కాలము చెల్లుట, ఎలుకలు.

“యాసిడ్ అని లేదు సార్” అన్నాను.

“ఎలా ఉంటుంది? యాసిడ్ ఏమీ చెయ్యదని విచారణలో తేలింది కదా. మనం ఇప్పుడు యాసిడ్ వల్ల అంటే నివేదికను ధిక్కరించినట్టు. అతనికే నష్టం. ఆ నాలుగింటిలో ఏది దగ్గరగా ఉంటే అది వేసి, అతని సమ్మతి తీసుకురండి” అన్నారు త్రిలోచనరావుగారు.

ఆసుపత్రికి వెళ్లాను. చెయ్యి మోచేతిదాకా కట్టు కట్టి ఉంది. వరహాలమ్మ తెచ్చిన గంజిని పోలినాయుడికి అతని భార్య తాగిస్తోంది. ఫారం చదివి వినిపించాను. చదువుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. దొంగతనం కాదు. పగలడం కాదు. కాలం చెల్లడం అని వెయ్యడానికి నోరు రాలేదు.

పోలినాయుడు కప్పు వంక చూస్తూ విన్నాడు.

“ఎలకలనే ఎట్టీండి బాబూ. అందులో అబద్దమేటుంది?” అన్నాడు.

“ఎలుకలని పెడితే, ఎన్ని అని కూడా అడుగుతోంది పోలినాయుడూ.”

అతను కట్టు కట్టిన చేతిని దిండు మీద నుంచి కొంచెం ఎత్తి చూసుకున్నాడు.

“లెక్కెడదామంటే నాకిప్పుడు ఏళ్లు సాలవు. మీరే ఏసుకోండి.”

అక్కడే బల్ల మీద కూర్చుని లెక్కపెట్టాను. కమిషనరుగారు, సర్వోత్తమరావుగారు, త్రిలోచనరావుగారు. అంతటితో ఆపేద్దామనుకున్నాను. ఆగలేకపోయాను. ‘4’ అని వేసి పంపాను.

ఏ అభ్యంతరమూ లేకుండా ఫారం ఆమోదం పొందింది. ఆ నాలుగో ఎలుక ఎవరని అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.